పాత చిప్పులోని బతుకమ్మ పాటను కొత్త ఫోనులోకి తెచ్చుకోవడం ఎలా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు చాలా ఇళ్లలో బీరువా సొరుగు అడుగున ఒక పాత బటన్ల ఫోనో, దాని మూత వెనుక గోరంత మెమరీ చిప్పో ఇంకా పడి ఉంటుంది. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు తీసిన అరనిమిషం వీడియో, మేడారంలో నిలువెత్తు బంగారం తూచుతున్నప్పుడు పట్టిన దృశ్యం, ఇప్పుడు లేని అమ్మమ్మ గొంతులో ఒక ఉయ్యాల పాట అందులో ఉండవచ్చు. ఆ చిప్పును తీసుకెళ్లి కొత్త స్మార్ట్‌ఫోనులో పెట్టినప్పుడు బొమ్మ లేకుండా ధ్వని మాత్రమే రావడం, ధ్వని లేకుండా బొమ్మ మాత్రమే కదలడం, లేదా ఈ ఫైలును తెరవలేమని ఫోను చెప్పడం మామూలుగా జరుగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని యాప్ స్టోరులో ‘కన్వర్టర్’ అని వెతికి, పైన కనిపించిన మొదటి యాప్‌ను దించుకోవడం. నా అనుభవంలో ఇలాంటి ఫైళ్లలో చాలావాటిని మార్చవలసిన అవసరమే ఉండదు. వాటిని భద్రంగా నకలు తీసుకుని, సరైన ప్లేయరుతో తెరిస్తే సరిపోతుంది. మార్చడం చివరి పని, అది కూడా నకలు మీద చేయవలసిన పని. కింద చెప్పే క్రమం అంతా ఈ లెక్కమీదే నడుస్తుంది.

చిప్పును ముట్టుకునే ముందు

దొరికిన చిప్పును నేరుగా కొత్త ఫోనులో పెట్టకండి. ఆండ్రాయిడ్ ఫోను కొత్త కార్డు కనబడగానే అందులో తన సొంత ఫోల్డర్లను సృష్టిస్తుంది. కార్డు సరిగా చదవలేకపోతే దానిని ‘సెటప్’ చేయమని అడుగుతుంది. ఆ సెటప్ అనే మాటకు అర్థం చాలా సందర్భాల్లో ఫార్మాట్ చేయడమే, అంటే ఉన్నదంతా తుడిచివేయడమే. కొన్నేళ్ల క్రితం నేను ఒక చిప్పును మొబైల్ షాపులో ఇచ్చి పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని అడిగాను. కౌంటరు దగ్గరున్న అబ్బాయి తెర మీద వచ్చిన ప్రశ్నకు చదవకుండానే ‘ఓకే’ నొక్కాడు. అందులోని పాటల్లో సగం మాత్రమే తిరిగి దొరికాయి. తప్పు అతనిది ఎంతో, పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్న నాది కూడా అంతే. అందుకే ఈ మొదటి మెట్టును మీరే, తొందర లేని రోజున, కంప్యూటరు ముందు కూర్చుని చేయండి.

చిన్న చిప్పును పెద్ద ఎస్‌డీ కార్డు ఆకారంలో ఉండే అడాప్టరులో దూర్చండి. ఆ అడాప్టరు ఎడమ పక్కన ఒక చిన్న జారుడు బుడిపె ఉంటుంది. దానిని ‘లాక్’ అని రాసి ఉన్న వైపుకు జరిపితే చాలా కార్డు రీడర్లు ఆ చిప్పు మీద ఏమీ రాయనివ్వవు, చదవడానికి మాత్రమే ఒప్పుకుంటాయి. తర్వాత కార్డు రీడరుకు తగిలించి, కంప్యూటరులో ఒక కొత్త ఫోల్డరు చేసి, చిప్పులో ఉన్నదంతా ఏరకుండా మొత్తంగా అందులోకి నకలు తీయండి. బొమ్మలు, వీడియోలు, ధ్వనులు అనే ఇంగ్లీషు పేర్లతో వేర్వేరు ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫలానా ఫోల్డరు ఖాళీ అని వదిలేయకండి, ఎందుకంటే ఫోనులో మాట్లాడి రికార్డు చేసిన పాటలు మీరు ఊహించని ఫోల్డరులో ఉండవచ్చు. మధ్యలో ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?’ అని విండోస్ అడిగితే వద్దనే చెప్పండి.

కొన్ని పాత నోకియా ఫోన్లలో ఎంఎంసీ అనే వేరే రకం కార్డు, కొన్ని సోనీ ఎరిక్సన్ ఫోన్లలో ఎం2 అనే కార్డు ఉండేవి. ఇవి నేటి అడాప్టర్లలో పట్టవు. ఫోను ఇంకా వెలుగుతుంటే దాని బ్లూటూత్ ద్వారా కంప్యూటరుకు పంపుకోవడమే తేలిక. నిదానంగా వెళ్తుంది కానీ ఆనాటి ఫైళ్లు చాలా చిన్నవి కాబట్టి ఓపిక పట్టవచ్చు. ఫోను సొంత మెమరీలోనే ఉండిపోయిన రికార్డింగులకు కూడా ఇదే దారి.

ఎప్పుడో పొరపాటున తుడిచేసిన ఫైళ్లు ఉన్నాయని అనుమానముంటే ఆ చిప్పు మీద కొత్తగా ఏదీ రాయకుండా ఉంచండి. తుడిచిన ఫైలు వెంటనే మాయం కాదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, కొత్త ఫైలు వచ్చి ఆ చోట కూర్చున్నప్పుడే అది నిజంగా పోతుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు అలాంటి ఫైళ్లను వెతికి తీస్తుంది. దొరికినవాటిని అదే చిప్పులో కాకుండా కంప్యూటరులో దాచమని చెప్పాలి. పాత పేర్లు తిరిగి రావు, అంకెల పేర్లతో ఫైళ్లు వస్తాయి, కూర్చుని ఒక్కొక్కటిగా విని గుర్తుపట్టవలసి ఉంటుంది.

పేరు ఒకటి, లోపలి సరుకు ఒకటి

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన బస్తా మీది ముద్రను బట్టి లోపల తేజ మిర్చి ఉందో, చపాట మిర్చి ఉందో ఎవరూ ధర కట్టరు. మూతి విప్పి, చేత్తో తీసి చూస్తారు. వీడియో ఫైలు కూడా బస్తా వంటిదే. త్రీజీపీ, ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అనేవి బస్తాల పేర్లు. లోపల బొమ్మను కుదించి నింపిన పద్ధతి ఒకటి, ధ్వనిని కుదించి నింపిన పద్ధతి ఒకటి విడివిడిగా ఉంటాయి. ఈ పద్ధతులనే కోడెక్ అంటారు. బస్తా పేరు తెలిసినా లోపలి కోడెక్ తెలియకపోతే ఫోను ఆ ఫైలును పలికించలేదు. ఫైలు పేరు చివర ఉన్న త్రీజీపీని చెరిపి ఎంపీ4 అని రాస్తే వీడియో మారిపోతుందని అనుకునేవారు ఉన్నారు. అది బస్తా మీది ముద్రను మార్చడం మాత్రమే, మిర్చి మారదు.

ఆ రోజుల్లోని ఫోన్లు ఎక్కువగా వాడిన త్రీజీపీ పద్ధతిని మూడో తరం మొబైల్ ప్రమాణాలను రూపొందించిన 3జీపీపీ అనే సంస్థల కూటమి నిర్ణయించింది. అప్పటి ఫోను మెమరీ, నెట్‌వర్కు వేగం రెండూ తక్కువ కాబట్టి వీలైనంత చిన్న ఫైలు రావడమే దాని లక్ష్యం. బొమ్మకు తరచుగా హెచ్.263 అనే కోడెక్ వాడేవారు. బొమ్మ పరిమాణం చాలా ఫోన్లలో 176×144 చుక్కలు మాత్రమే ఉండేది. ఈనాటి ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 1920×1080 చుక్కలు ఉంటాయి, అంటే పాతదానికి 80 రెట్లకు పైగా. అందువల్ల ఆ వీడియో పెద్ద తెర మీద మసకగా కనిపించడం ఫైలు చెడిపోయినందువల్ల కాదు, పుట్టుకతోనే అది అంత చిన్నది.

ధ్వని విషయం ఇంకా తెలుసుకోదగినది. ఆ ఫోన్లలో రికార్డు చేసిన మాటలు, పాటలు ఎక్కువగా ఏఎంఆర్ అనే పద్ధతిలో ఉంటాయి. ఫోనులో మాట్లాడే మాట కోసం తయారైన పద్ధతి అది. సెకనుకు 8,000 సార్లు మాత్రమే ధ్వనిని కొలుస్తుంది, ఎంత ఎక్కువ నాణ్యత పెట్టినా సెకనుకు 12.2 కిలోబిట్లలోనే ముగిస్తుంది. లెక్క వేస్తే నిమిషం పాట సుమారు 92 కిలోబైట్లకు మించదు. ఒక మనిషి నిదానంగా చెప్పిన మాట ఇందులో బాగానే వినిపిస్తుంది. ఇరవై మంది ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ కోరస్‌గా అందుకున్న పాట మాత్రం గరగరలాడుతుంది, చప్పట్లు రేకు మీద రాళ్లు పడ్డట్టు వినిపిస్తాయి. ఈ కొలతకు అందని సన్నని, పై స్థాయి ధ్వని అసలు రికార్డే కాలేదు కాబట్టి ఏ యాప్ కూడా దానిని తిరిగి తీసుకురాలేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ‘హెచ్‌డీ సౌండ్’ చేస్తామని చెప్పే యాప్‌ల వెంట తిరిగే సమయం మిగులుతుంది.

చిప్పులో ఇవి కాక ఇంకేం దొరుకుతాయో త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. షాపులో పది, ఇరవై రూపాయలిచ్చి ఎక్కించుకున్న సినిమా పాటల ఎంపీ3లు ఏ ఫోనులోనైనా పలుకుతాయి. జేపెగ్ ఫోటోలకు ఏ ఇబ్బందీ ఉండదు. జార్, సిస్ అనే పేర్లతో ముగిసే ఫైళ్లు ఆనాటి జావా, సింబియన్ ఆటలు, యాప్‌లు. అవి నేటి ఆండ్రాయిడ్‌లోనో ఐఫోనులోనో నేరుగా నడవవు, వదిలేయండి.

స్టోరులోంచి సరైన ప్లేయరును దించుకోవడం

నకలు తీసిన ఫైళ్లలో ఒకటి రెండింటిని కేబులుతో ఫోనులోకి పంపి తెరిచి చూడండి. ఫోనుతో వచ్చిన గ్యాలరీయే పలికిస్తే ఇంకేమీ అవసరం లేదు. పలికించకపోతే నేను సూచించేది వీఎల్‌సీ. పారిస్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, ఇప్పుడు వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్న ఉచిత ప్లేయరు ఇది. దీని ప్రత్యేకత ఏమిటంటే కోడెక్‌లన్నింటినీ తన లోపలే పెట్టుకుని వస్తుంది, ఫోను మీద ఆధారపడదు. అందుకే హెచ్.263 బొమ్మను, ఏఎంఆర్ ధ్వనిని, పాత ఏవీఐలను కూడా మారుమాట లేకుండా పలికిస్తుంది. ప్రకటనలు ఉండవు.

ప్లే స్టోరులో దాని పేరు రాసి వెతికినప్పుడు పైన ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలతో ఉన్న యాప్‌లు రావచ్చు. అవి డబ్బు కట్టి పైకి వచ్చినవి, మీరు అడిగినవి కావు. నారింజ, తెలుపు చారల ట్రాఫిక్ శంకువు గుర్తు ఉన్నదానిని తాకి, పేరు కింద తయారుచేసినవారి పేరు వీడియోల్యాబ్స్ అని ఉందో లేదో చూడండి. అదే గుర్తును కొద్దిగా మార్చి పెట్టుకున్న నకిలీలు ఉండవచ్చు కాబట్టి గుర్తు కన్నా తయారీదారు పేరును నమ్మడం మంచిది. కంప్యూటరు కోసమైతే వీడియోలాన్ డాట్ ఆర్గ్ అనే దాని సొంత సైటు నుంచే దించుకోండి.

యాప్ మొదటిసారి తెరిచినప్పుడు అడిగే అనుమతులను చదవండి. వీడియోలు, సంగీతం చూడడానికి ప్లేయరు అనుమతి అడగడం న్యాయం. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోటోలు–వీడియోలకు ఒక అనుమతి, సంగీతానికి ఒక అనుమతి విడిగా ఉన్నాయి. ఒక ప్లేయరో, కన్వర్టరో మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతాననీ, కాంటాక్టులు చూస్తాననీ, తెర మీద ఉన్నదంతా చదవనిచ్చే ‘యాక్సెసిబిలిటీ’ అనుమతిని ఆన్ చేయమనీ అడిగితే మాత్రం అక్కడే ఆపి దానిని తీసివేయండి. పాట వినిపించడానికి మీ బ్యాంకు ఓటీపీతో దానికి ఏం పని?

ఇదే సందర్భంలో ఏపీకే ఫైళ్ల గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్ నింపిన బస్తా. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ జాబితా వంటి పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలను తెరిచి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసుకున్నవారి వార్తలు తరచూ వింటున్నాం. పెళ్లి పత్రిక ఎప్పుడైనా ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది, యాప్‌గా రాదు. ఆండ్రాయిడ్ 8 నుంచి స్టోరు బయటి యాప్‌లకు అనుమతిని ఒక్కో యాప్‌కు విడివిడిగా ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనే చోటికి వెళ్లి వాట్సాప్, బ్రౌజరు, ఫైల్ మేనేజర్ అన్నింటికీ ఆ అనుమతి ఆపి ఉందో లేదో ఈ రోజే చూడండి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా చూడండి. ఇప్పటికే అలాంటిది తెరిచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి.

నిజంగా మార్చవలసి వచ్చినప్పుడు

వీఎల్‌సీలో పలికింది కదా, ఇక మార్చడం ఎందుకు అంటే, కొన్ని సందర్భాల్లో అవసరం ఉంటుంది. ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి అందరూ కలిసి చూడాలన్నప్పుడు, వీఎల్‌సీ పెట్టుకోవడం రాని బంధువుకు పంపాలన్నప్పుడు, ట్రాక్టరు మీది ప్లేయరులో వినాలన్నప్పుడు పాత కోడెక్‌లు కుదరవు. ముందుగా లోపలి సరుకు ఏమిటో చూడండి. కంప్యూటరులోని వీఎల్‌సీలో వీడియో నడుస్తుండగా కంట్రోల్ మీట నొక్కి పట్టి జే నొక్కితే బొమ్మ, ధ్వనుల కోడెక్ పేర్లు, పరిమాణం కనిపిస్తాయి. బొమ్మ హెచ్.264, ధ్వని ఏఏసీ అయి, బస్తా ఎంపీ4 అయితే మార్చవలసింది ఏమీ లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఫోన్లు, టీవీలు దాదాపు అన్నీ దానిని చదువుతాయి.

వీడియోల కోసం హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును కంప్యూటరులో పెట్టుకోండి. దాని అసలు సైటు హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్. నకలు ఫైలును అందులో తెరిచి, బస్తాగా ఎంపీ4ను, బొమ్మకు హెచ్.264ను, ధ్వనికి ఏఏసీని ఎంచుకోండి. నాణ్యత దగ్గర ఆర్ఎఫ్ అనే జారుడు కడ్డీ ఉంటుంది. అక్కడ అంకె ఎంత తగ్గితే నాణ్యత అంత పెరుగుతుంది. పాత వీడియోలకు నేను 18 పెడతాను, ఎందుకంటే ఒకసారి కుదించిన బొమ్మను మళ్లీ కుదించేటప్పుడు ప్రతిసారీ కొంత పోతుంది, ఉన్న కొద్దిపాటినీ పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు. బొమ్మ పరిమాణాన్ని మాత్రం పెంచకండి. 176×144ను 1920×1080 చేసినంత మాత్రాన లేని చుక్కలు పుట్టవు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. ఫలితాన్ని వేరే ఫోల్డరులో, వేరే పేరుతో దాచండి.

పాటల కోసం వీఎల్‌సీ ఒక్కటే చాలు. అందులో కంట్రోల్‌తో పాటు ఆర్ నొక్కితే ‘కన్వర్ట్’ తెర వస్తుంది. ఏఎంఆర్ ఫైలును చేర్చి, ప్రొఫైలుగా ఎంపీ3ను ఎంచుకుని, గమ్యం దగ్గర కొత్త పేరు రాయండి. అక్కడ అసలు ఫైలు పేరే రాస్తే అసలు పోతుంది, జాగ్రత్త. 128 కిలోబిట్లతో చేసిన ఎంపీ3 నిమిషానికి సుమారు 960 కిలోబైట్లు అవుతుంది, అంటే ఏఎంఆర్‌కు పది రెట్లు. బరువు పది రెట్లు పెరిగినా పాట ఒక్క పిసరు కూడా బాగుపడదు, అన్ని చోట్లా పలకడం ఒక్కటే లాభం. ట్రాక్టరు, ఆటోల్లో పెట్టే చవక ప్లేయర్లు చాలావరకు ఎంపీ3ను తప్ప మరొకటి ఎరగవు, పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలంటాయి. అలాంటి ప్లేయర్లు తెలుగు అక్షరాల పేర్లను డబ్బాలుగా చూపవచ్చు కాబట్టి వాటి కోసం చేసిన నకళ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టండి.

రెండు రకాల దారులకు దూరంగా ఉండమని నా సలహా. ఒకటి, ఫైలును ఇంటర్నెట్‌కు ఎక్కించి మార్చి ఇచ్చే సైట్లు. మన ఇంటి ఆడవాళ్లు, పిల్లలు ఉన్న వీడియోను ఎక్కడో ఎవరి కంప్యూటరులోనో పెట్టవలసిన అగత్యం లేదు. రెండోది, పాత వీడియోను కృత్రిమ మేధతో ‘మెరుగు’ చేసే యాప్‌లు. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. బొమ్మ నున్నగా వస్తుంది కానీ అందులో నవ్వుతున్న ముఖం మన అమ్మమ్మది కాదు, ఆమెను పోలిన ఇంకెవరిదో అవుతుంది. వినోదానికి ఒక నకలు మీద చేసుకుంటే తప్పు లేదు, దానినే అసలుగా దాచుకోవడం మాత్రం తప్పు.

పంపేటప్పుడు, దాచేటప్పుడు

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియోను పంపితే అది మళ్లీ కుదించబడుతుంది, పేరు మారుతుంది. ఇప్పటికే మసకగా ఉన్న వీడియోకు ఇది పెద్ద దెబ్బ. అటాచ్ గుర్తును తాకి ‘డాక్యుమెంట్’ ద్వారా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా, అదే పేరుతో చేరుతుంది. ఇలా 2 గిగాబైట్ల దాకా పంపవచ్చు, పాత చిప్పు మొత్తం కలిపినా చాలాసార్లు అంత ఉండదు.

తేదీల విషయంలో కంప్యూటరు చెప్పేదాన్ని పూర్తిగా నమ్మకండి. నకలు తీసినప్పుడు విండోస్‌లో ‘క్రియేటెడ్’ తేదీ ఈనాటిదిగా మారుతుంది, ‘మాడిఫైడ్’ తేదీ పాతదే ఉంటుంది. ఆ పాతది కూడా ఫోను గడియారం చెప్పిన తేదీయే. బ్యాటరీ తీసి పెట్టగానే తేదీ మొదటికి వచ్చే ఫోన్లు అప్పట్లో చాలా ఉండేవి. అందుకే వీడియోను ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, ఏ సంవత్సరం బతుకమ్మ, ఎవరి వాకిట్లో అని అడిగి, ఏడాదిని ముందు పెట్టి పేరు రాయండి. 2009-సద్దులు-పెద్దమ్మ-పాట అన్నట్టుగా రాస్తే ఫైళ్లన్నీ వాటంతట అవే వరుసలో నిలబడతాయి. అడుగుతున్నప్పుడు పాటలో మీకు అర్థం కాని చరణాలను కూడా రాయించుకోండి, గరగర మధ్య ఆ మాటలు వినగలిగేది వాళ్లే.

కొత్తగా తీసేవాటికి కూడా ఇదే చూపు అవసరం. ఐఫోను 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను హీక్ పద్ధతిలో, వీడియోలను హెచ్‌ఈవీసీ పద్ధతిలో దాచగలుగుతోంది. చోటు కలిసి వస్తుంది కానీ ఫోటో స్టూడియోలో ప్రింటుకు ఇచ్చినప్పుడు, పాత టీవీలో పెట్టినప్పుడు చిక్కు వస్తుంది. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర ‘మోస్ట్ కంపాటబుల్’ ఎంచుకుంటే జేపెగ్, హెచ్.264 వస్తాయి. పాట రికార్డు చేయాలంటే వాట్సాప్ వాయిస్ నోట్‌గా చేయకండి. అది ఓపస్ పద్ధతిలో, మాటకు సరిపోయే నాణ్యతలో దాచుకుంటుంది. ఫోనులోని రికార్డర్ యాప్‌లో ఎం4ఏనో, వావ్‌నో ఎంచుకుని, ఫోనును పాడేవాళ్ల వలయానికి నాలుగడుగుల దూరంలో కదలకుండా పెట్టండి.

ఆఖరుగా చిప్పు సంగతి. మారని అసలు ఫైళ్ల ఫోల్డరును కంప్యూటరులో ఒకటి, విడిగా దాచే హార్డ్ డిస్కులోనో క్లౌడ్‌లోనో ఒకటి ఉంచండి. ఆ రెండు చోట్లా ఒక్కో ఫైలును తెరిచి చివరిదాకా నడిపి చూసిన తర్వాతనే చిప్పును పక్కన పెట్టండి, ఎందుకంటే సగంలో ఆగిన నకలు కూడా పేరును బట్టి చూస్తే పూర్తిగా ఉన్నట్టే కనిపిస్తుంది. చిప్పును ఫార్మాట్ చేసి మరో పనికి వాడుకోవద్దు. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మీద తేదీ రాసి, తేమ తగలని చోట ఉంచండి.